తల్లిదండ్రుల్ని ఆశ్రమంలో చేర్చే ముందు – మొదటి రోజు ఖర్చు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. నా తెలుగు బజారులో, బస్టాండులో నేర్చుకున్నది. ఎక్కడైనా తడబడితే పెద్ద మనసుతో మన్నించండి.

ప్రతి ఏటా యీ సభలో పిల్లల స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుంటాము. అది అవసరమే. అయితే మన ఇండ్లలో మంచాన పడి వున్న పెద్దల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే నలుగురూ ఏమనుకుంటారో అని జంకు. ఒక కొడుకు గల్ఫులో వుంటాడు, ఒకడు బెంగుళూరులో. కూతురు అత్తగారింట్లో. ఇంట్లో వున్న కోడలు కూడా ఉద్యోగానికి పోతుంది. తల్లికి పక్షవాతం వస్తే రాత్రింబగళ్ళు చూసుకునేది ఎవరు?

తల్లిదండ్రులను ఆశ్రమంలో చేర్చడం తప్పా ఒప్పా అనే వాదన నేను పెట్టుకోను. తల్లిదండ్రుల హక్కు ఏమిటో ఖురాన్‌లో బనీ ఇస్రాయీల్ సూరా చదివిన ప్రతివారికీ తెలుసు. గతిలేక చేర్చవలసి వచ్చినవాడు ముందుగా ఎంత డబ్బు సిద్ధం చేసుకోవాలి, దానిలో ఎంత తిరిగి వస్తుంది అన్నదే యీ రోజు నా విషయం. నెల చార్జీ ఎంతో అందరూ అడుగుతారు. మొదటి రోజు ఎంత అవుతుందో అడిగేవారు తక్కువ.

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇవి బోర్డు మీద లెక్క చెప్పడానికి నేను వేసుకున్న అంకెలు, ఏ ఆశ్రమం రేట్లూ కావు. డిపాజిట్టు 1,00,000 రూపాయలు. ప్రవేశ రుసుము 10,000. మొదటి నెల చార్జీ ముందుగా 15,000. చేర్చుకునే ముందు రక్త పరీక్షలు, ఎక్స్‌రే 3,000. వీల్‌చైరు, గాలి పరుపు, దుప్పట్లు, డయాపర్లు 15,000. పడుకోబెట్టి తీసుకుపోవడానికి బండి 5,000. మొత్తం 1,48,000. నెలకు పదిహేను వేలే కదా అని బయలుదేరినవాడు మొదటి రోజునే దాదాపు పది నెలల చార్జీ చేత పట్టుకుని పోవాలి.

ఇప్పుడు దీన్ని మూడు కుప్పలుగా పోయండి. తిరిగి వచ్చేది, డిపాజిట్టు 1,00,000. సామాన్ల రూపంలో మన దగ్గర వుండేది 15,000. పోయినట్టే అనుకోవలసింది 33,000. మన భద్రత అంతా మొదటి కుప్ప మీద ఆధారపడి వున్నది. అది నిజంగా తిరిగి వచ్చే డబ్బేనా అని తేల్చుకోకుండా చెయ్యి జేబులో పెట్టకూడదు.

నా తోటి మాస్టరు ఒకాయన తల్లిని ఒక ఆశ్రమంలో చేర్చినాడు. డిపాజిట్టు కోసం భార్య గాజులు కుదువ పెట్టినాడు. మిగతాది కువైట్‌లో వున్న తమ్ముడు పంపినాడు. మూడు నెలలు తిరక్కుండానే ఆ తల్లి ఇంటికి పోతానని ఏడ్వడం మొదలుపెట్టింది. అక్కడ ఆమె మాట అర్థం చేసుకునే వాళ్ళు లేరు. వజూ చేయించే దిక్కు లేదు. ఇంటికి తెచ్చుకున్నారు. డిపాజిట్టు అడిగితే, ఏడాది లోపల పోతే సగమే ఇస్తామన్నారు. ఆ మాట రశీదు వెనక చిన్న అక్షరాల్లో వున్నది. చేర్చేనాడు ఎవరూ చదివి వినిపించలేదు. ఆ సగం డబ్బు నాదంటే నాదని అన్నదమ్ములిద్దరూ నేటికీ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. గాజులు మాత్రం ఇంకా బ్యాంకులోనే వున్నాయి.

కాబట్టి డబ్బు కట్టక ముందే యీ ప్రశ్నలకు జవాబు కాగితం మీద తీసుకోండి. డిపాజిట్టు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు? మధ్యలో వస్తే ఎంత కోస్తారు? రశీదు ఎవరి పేరున? నెల చార్జీ ఏటా ఎంత పెంచుతారు? ఆసుపత్రిలో వున్న రోజులకు కూడా చార్జీ కట్టాలా? మందులు, ఆయా ఖర్చు లోపలా, వేరా? మంచాన పడితే వుంచుకుంటారా, తీసుకుపొమ్మంటారా? చివరిది చెప్పడానికి కష్టమే అయినా అడగవలసిందే. అక్కడే కన్నుమూస్తే కబురు ఎవరికి, ఎంతసేపటిలో చేస్తారు? గుసుల్, జనాజాకు అడ్డు చెప్పరు కదా? హలాల్ భోజనం, నమాజుకు చోటు, ఉర్దూ తెలిసిన మనిషి వున్నారా అన్నది కూడా అప్పుడే చూడండి. పళ్ళు లేని ముసలమ్మకు సంగటి పెడతారా అన్నది కూడా చిన్న ప్రశ్న కాదు. వీలైతే ఒక నెల వుంచి చూసి, ఆ తరువాతే డిపాజిట్టు కడతామనండి.

డబ్బు చాలక కొందరు తండ్రి పేరునున్న మిద్దె అమ్ముతారు, లేక కొడుకు పేరున రాయిస్తారు. ఇక్కడ చట్టం తెలుసుకోవాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటాడనే షరతుతో ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాడు చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. షరతు వున్నట్టు కనబడాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేట్టు ఉదారంగా చదవాలని 2025లో చెప్పింది. మన వాళ్ళు నోటిమాటగా హిబా చేసేస్తారు. అట్లా చేయవద్దు. వకీలును అడిగి, పోషణ మాట పత్రంలో స్పష్టంగా రాయించండి.

అదే చట్టం కింద పిల్లల నుంచి నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. మన రాష్ట్రంలో ఆర్డీవో దానికి అధికారి. కదలలేని వృద్ధుల తరఫున, వారు అధికారమిస్తే, సంఘం కూడా అర్జీ పెట్టవచ్చు. మనలాంటి సంఘాలు యీ ముక్క గుర్తుంచుకోవాలి. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలే ఆశ్రమాలు ప్రభుత్వం పెట్టవచ్చునని కూడా అందులో వున్నది. చూడండి, పెట్టాలని కాదు, పెట్టవచ్చునని. ఆ ఒక్క మాట తేడా వల్లనే మనం యీ లెక్కలు వేసుకుంటున్నాము.

ప్రభుత్వం నుంచి వచ్చేది వదులుకోవద్దు. అర్హులైన వృద్ధులకు మన రాష్ట్రంలో పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 అయింది. 70 ఏళ్ళు దాటిన వారికి ఆదాయంతో పని లేకుండా ఏటా 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం ఆయుష్మాన్ భారత్ కింద 2024లో వచ్చింది. సలహాకు 14567 నంబరుకు ఫోను చేయవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇక జకాత్ సంగతి. నా జకాత్ డబ్బుతో అమ్మ డిపాజిట్టు కడతానని ఒకరు నన్ను అడిగినారు. ఫిఖహ్ ప్రకారం కన్న తల్లిదండ్రులకు జకాత్ చెల్లదు. వారిని పోషించడం మన మీద వున్న బాధ్యత, దానం కాదు. పొరుగింటి నిరుపేద ముసలామెకు మాత్రం మీ జకాత్ ఇవ్వవచ్చు. అయితే ఆ సొమ్ము ఆమె చేతికి, ఆమె సొంతంగా చేరాలి. అది డిపాజిట్టుగా కట్టి రేపు వెనక్కి వస్తే ఆమెదే అవుతుంది గాని సంఘానిది కాదు. ఇందులో వివరాలు మన ముఫ్తీ సాహెబులను అడిగి తేల్చుకుందాము.

అందుకే నా మనవి ఒక్కటి. సంఘంలో డిపాజిట్టు కోసమని ప్రత్యేకంగా ఒక కర్జె హసనా నిధి పెడదాము. వడ్డీ లేని అప్పు. డిపాజిట్టు ఎలాగూ తిరిగి వచ్చే డబ్బు కాబట్టి, ఒకరికి తిరిగి వచ్చినది ఇంకొకరికి పనికొస్తుంది. రశీదు నకలు సంఘం దగ్గర వుంటుంది, షరతులు చదివి చెప్పడానికి చదువుకున్నవాడు ఒకడు వెంట పోతాడు. రెండవది, వాడేసిన వీల్‌చైర్లు, మడత మంచాలు, గాలి పరుపులు మన ఇండ్లలో అటకల మీద దుమ్ము పట్టి వున్నాయి. అవన్నీ ఒక గదిలో చేర్చి, కావలసినవారికి రాసుకుని ఇద్దాము. ఇందుకు చందా కూడా అక్కరలేదు.

చివరగా ఒక మాట. డిపాజిట్టు కట్టే ముందు ఆ లక్షతో ఇంట్లోనే ఒక ఆయాను ఎన్ని నెలలు పెట్టుకోవచ్చో లెక్క వేయండి. వేసిన తరువాత ఆ లెక్క అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు మాత్రమే చూసుకుని లేవకండి. అమ్మీని, అబ్బాను మధ్యలో కూర్చోబెట్టి వినిపించండి. వాళ్ళు ఏమంటారో వినండి. పోయేది వాళ్ళు.