శాలువాతో తీరే రుణం కాదు

(గృహహింసకు గురైన స్త్రీలకు తోడు నిలుస్తున్న స్థానిక సహచరులను సత్కరించడానికి మా సంస్థ ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా సభలన్నింటిలో కుర్చీలు వేసి, మంచినీళ్లు అందించి, చివరికి గోడకానుకుని నిలబడేవాళ్లు ఈవేళ వేదిక మీద కూర్చున్నారు. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, పొదుపు సంఘం లీడరు, అర్ధరాత్రి పిలిచినా బండి తీసే ఆటో డ్రైవరు, ఫీజు అడగకుండా అర్జీలు రాసిపెట్టే లాయరు. దెబ్బలు తిన్న మనిషి నేరుగా మా ఆఫీసుకు రాదు. ముందు పక్కింటి తలుపు తడుతుంది. ఆ తలుపు తెరిచినవాళ్లు వీళ్లు.

ఒక సంగతి చెప్పకుండా సన్మానం చేస్తే అది మొక్కుబడే అవుతుంది. కొన్నేళ్ల కిందట ఒకమ్మాయి చంటిబిడ్డతో మా దగ్గరకు వచ్చింది. భర్తను పిలిపించాం, కౌన్సెలింగ్ చేశాం, పెద్దమనుషుల ముందు కాగితం రాయించాం. ఆమెను తీసుకొచ్చిన అంగన్‌వాడీ టీచరు నన్ను పక్కకు పిలిచి, "మేడమ్, అతను ఇక్కడ ఎన్ని దణ్ణాలైనా పెడతాడు. ఊళ్లోకి వెళ్లగానే మళ్లీ మామూలే. ఇప్పుడే పంపొద్దు" అంది. మేం శిక్షణ పొందినవాళ్లం కదా, ఆమె మాట పట్టించుకోలేదు. రాజీ కుదిరిందని రిజిస్టరులో రాసుకున్నాం. పది రోజులు తిరక్కుండానే ఆ అమ్మాయి విరిగిన చెయ్యితో ఆస్పత్రిలో చేరింది. ఆ కబురు తెచ్చింది కూడా టీచరే. "నేను చెప్పాను కదా" అని ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత అతని తరఫువాళ్లు టీచరు ఇంటి మీదకు వెళ్లి, కాపురాలు కూలుస్తున్నావంటూ నానా మాటలూ అన్నారు. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మేం సాయంత్రానికి ఇళ్లకు వెళ్లిపోతాం. ఆమె మాత్రం ఆ వీధిలోనే బతకాలి.

2005లో చేసిన గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అందులోని 4వ సెక్షన్ ప్రకారం, హింస జరిగిందని గానీ జరగబోతోందని గానీ నమ్మడానికి కారణం ఉన్నవారెవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదు. 10వ సెక్షన్ రిజిస్టరైన సేవా సంస్థలకూ ఇలాంటి రక్షణే ఇచ్చింది. మా సంస్థకున్న రక్షణ సంగతి మాకు కంఠతా వచ్చు. టీచరుకున్న రక్షణ సంగతి ఆమెకు చెప్పాలని మాత్రం మాకు తోచలేదు. పైగా చట్టం ఇచ్చిన రక్షణ కోర్టులో పనికొస్తుంది. వీధిలో తిట్టేవాడి నోరు మూయించదు. అక్కడ మనుషులే తోడుండాలి.

అందుకే ఈవేళ శాలువాలతో పాటు నాలుగు మాటలు ఇస్తున్నాం. బాధితురాలిని తీసుకొచ్చిన మనిషిని, ఆ బాధితురాలు ఒప్పుకుంటే, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడతాం. వెళ్లాలా వద్దా అన్న తుది నిర్ణయం మాత్రం బాధితురాలిదే. మాదీ కాదు, పెద్దమనుషులదీ కాదు. ఆటో ఖర్చు, ఫోను ఖర్చు, పోయిన కూలి మా లెక్కల్లో రాసి చెల్లిస్తాం. సేవ పేరుతో పేదవాళ్ల జేబు ఖాళీ చేయడం కూడా అన్యాయమే. మీలో ఎవరికి బెదిరింపు వచ్చినా మీతో పాటు స్టేషనుకు మేమూ వస్తాం. ఇక మా కార్యవర్గంలో మీవాళ్లు ఇద్దరుంటారు. వాళ్లెవరో మీరే ఎన్నుకోండి.

ఈ మాటల్లో ఏది తప్పినా వచ్చే ఏడాది ఇదే వేదిక మీద నిలబెట్టి అడగండి. ఆరోజు టీచరమ్మ అనకుండా మింగిన మాట, ఇకముందు అవసరమైతే మా మొహం మీదే అనండి. మాకు అది ఏ సన్మానంకన్నా ఎక్కువ.

సెలవు.