హార్ట్ ఫెయిల్యూర్ – మా ఇంటి తూకం పుస్తకం
(సంఘం ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. సర్వీసంతా ఫైళ్ళూ రిజిస్టర్లూ చూసిన గుమస్తాను. మా ఇంటావిడకు నాలుగేళ్ళుగా ఈ జబ్బుంది. ఆమె మందుల లెక్కా, తూకం లెక్కా రాసేది నేనే కాబట్టి తెలిసిన నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు.

ముందు పేరు సంగతి. కంజెస్టివ్ హార్ట్ ఫెయిల్యూర్ అనగానే గుండె ఆగిపోయిందనుకుని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. అది కాదు. గుండెపోటూ కాదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది గానీ చేయవలసినంత పని చేయలేదు. విశ్రాంతిగా ఉన్న మనిషిలో గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోడుతుంది. పాత గుండెపోటు, ఏళ్ళ తరబడి అదుపులో లేని బి.పి., షుగరు, కవాటాల జబ్బు – వీటివల్ల ఆ పంపు బలహీనపడుతుంది, లేదా బిరుసెక్కుతుంది.

మరి ఒంటికి నీరెందుకు పడుతుంది? ఇది నాకు ఆఫీసు భాషలోనే అర్థమైంది. రక్తం సరఫరా తగ్గగానే మూత్రపిండాలు ఒంట్లో నీరే తక్కువైందనుకుంటాయి. గ్రాంటు తగ్గిందని తెలియగానే కింది ఆఫీసు ఖర్చులాపి నిల్వ పెట్టుకున్నట్టు, ఉప్పునూ నీటినీ బయటికి పోనీయవు. ఆ నీరు కాళ్ళలోకి, పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఒక దిండు మీద పడుకునేవారు మూడు దిండ్లు అడుగుతున్నారంటే, అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటున్నారంటే, వయసు మీద పడిందని సరిపెట్టకండి. పొట్ట ఉబ్బరాన్ని గ్యాసనుకుని నెలలు గడిపేవారు మనలో ఎందరో.

ఎకో పరీక్షలో, గుండె ఒక్కో దెబ్బకు తన గదిలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందో తెలుస్తుంది. 40, అంతకు తక్కువ ఉంటే బలం తగ్గినట్టు. 50 దాటినా ఈ జబ్బు ఉండవచ్చు. బి.పి. ఉన్న పెద్దవయసు ఆడవాళ్ళలో అది ఎక్కువ.

ఇక తూకం పుస్తకం. ఒక లీటరు నీరంటే ఒక కిలో. కాళ్ళవాపు కంటికి కనిపించేలోగానే లీటర్ల కొద్దీ నీరు చేరి ఉండవచ్చు. యంత్రం ముందే చెబుతుంది. రోజూ ఉదయం మూత్రానికి వెళ్ళివచ్చాక, కాఫీ తాగకముందు, ఒకే యంత్రం మీద తూచుకోవాలి. నేను తేదీ, బరువు, వాపు, రాత్రి దిండ్లు అని నాలుగు గడులు గీశాను. “కూరగాయల్లా నన్ను తూచడమేమిటండీ” అని ఆవిడ మొదట్లో విసుక్కుంది.

రెండేళ్ళ కిందట ఒక పెళ్ళికి వెళ్ళివచ్చాం. 58 కిలోల మనిషి నాలుగో రోజుకు 60 దాటింది. ఆయాసం ఇంకా మొదలు కాలేదు. డాక్టరుగారికి ఫోనులో అంకెలు చదివాను. నీళ్ళ మాత్ర కొన్నాళ్ళు పెంచి, రక్తపరీక్ష చేయించమన్నారు. వారంలో మళ్ళీ 58కి వచ్చింది. ఆస్పత్రి మంచం తప్పింది. ఆయన అడిగి రాబట్టిన కారణాలు రెండు. పెళ్ళిభోజనంలో పచ్చళ్ళూ అప్పడాలూ ఒకటి. మోకాళ్ళ నొప్పికి బంధువొకరిచ్చిన డైక్లోఫెనాక్ మాత్రలు రెండోది. ఆ జాతి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవేస్తాయి. మనలో మోకాళ్ళ నొప్పి లేనివారెవరు? అందుకే నొక్కి చెబుతున్నాను. ఒక్క రోజులో కిలోకు పైన, వారంలో రెండు కిలోలకు పైన పెరిగితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటకూడదు. గుంటూరు జిల్లా ఆడపడుచును ఆవకాయ మానమనడం ఎంత కష్టమో నాకు తెలుసు. గ్యాసుకని తాగే సోడా పొడుల్లో ఉన్నదీ సోడియమే. ‘తక్కువ సోడియం’ ఉప్పులో పొటాషియం కలుపుతారు. ఎనలాప్రిల్, స్పైరొనోలాక్టోన్ వాడేవారికి దానితో ప్రమాదం. డాక్టరునడక్కుండా కొనవద్దు.

1785లో విదరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఒక మొక్క ఆకుతో నీరు పట్టినవారికి చేసిన వైద్యం గురించి పుస్తకం రాశాడు. ఈనాడు మందులకు కొదవ లేదు. షుగరు కోసం వచ్చిన డపాగ్లిఫ్లోజిన్, షుగరు లేని గుండె రోగుల్లో కొందరికీ మేలు చేస్తుందని 2019లో తేలింది. వాపు తీసిందని మాత్రలు మానేయరాదు. బస్సు ప్రయాణంలో ఇబ్బందని నీళ్ళ మాత్ర ఎగ్గొట్టేవారున్నారు. వేళ మార్చవచ్చేమో డాక్టరునడగండి.

కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, నురగతో కఫం పడితే, గుండెలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా పుస్తకం పక్కన పెట్టి 108కి ఫోను చేయండి.

కార్యదర్శిగారికొక విన్నపం. ఇంట్లో తూకం యంత్రం లేని సభ్యులకు సంఘం తరఫున ఒకేసారి కొని, తగ్గింపు ధరకు ఇప్పించగలరు. పుస్తకాలకు గడులు గీసిపెట్టే పని నాకు వదిలేయండి. సెలవు.