రోడ్డు మనది కూడా

2022 నవంబరులో గోవాలో 1.9 కిలోమీటర్లు సముద్రంలో ఈది, 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, 21.1 కిలోమీటర్లు పరుగెత్తాను, అన్నీ ఏకబిగిన. నేను క్రీడాకారిణిని కాను, ఇద్దరు పిల్లల తల్లిని, ఉద్యోగినిని. ఏది కష్టమని అందరూ అడుగుతారు. దూరం కాదు, వేళ దొరకడం కష్టం.

మా ఊరి ఈతకొలనులో ఆడవాళ్లకు రోజుకు ఒక్క గంట, అదీ వంట వేళకే. తెల్లవారుజామున సైకిలెక్కితే వెంటపడే మోటారు సైకిళ్లు. ఒంటరిగా వెళ్లొద్దని నాకు చెప్పినవాళ్లు వెంటపడేవాళ్లకేం చెప్పారు?

1979లో హవాయి ఐరన్‌మ్యాన్‌లో పాల్గొన్న ఒకే ఒక్క స్త్రీ లిన్ లెమేర్ అయిదో స్థానంలో నిలిచింది. శక్తి మనకు కొత్త కాదు. ఇంట్లో వంట పంచుకోమన్నాను. పదకొండుమందిమి సంతకాలు పెట్టి కొలనులో మరో గంట సాధించాం. ఆ గంటే నా పతకం. ఆట కూడా హక్కే, అడుగుదాం.