గడియారముతో పందెము

నేడు నేను మాటాడబోవు విషయము విని మీలో కొందరు నవ్వుకొందురేమో. చిరకాలము పిల్లలకు శబ్దమంజరియు ఛందస్సును చెప్పిన పంతులు మోటారుకార్ల పందెములను గురించి ప్రసంగించుట చిత్రముగనే యుండును. కాని మన పల్లెలలో పెద్దలకు కునుకు పట్టనీయని విషయములలో నిదియు నొకటి. యువకుల చేతికి కారు వచ్చినది. దానితోపాటు వేగముపై మోజును వచ్చినది. తెలిసికొనక నిందించుట పెద్దలకు తగదు గనుక, ముందుగా ఆ విద్య యెట్టిదో విచారింతము.

మోటారుతో బలాబలములు చూచుకొనుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1882లో వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారు రెండు కార్లకు గొలుసులు కట్టించి, ఆ గొలుసులను తాము పట్టి, కార్లను కదలనీయక నిలిపిన కథ మన యిండ్లలో నేటికిని చెప్పుకొందురు. ఆ మల్లుడు కారును నిలిపి కీర్తి గాంచెను. నేను చెప్పబోవువారు కారును నడిపి కీర్తి గోరువారు.

కార్ల పందెములలో పెక్కు తెగలు కలవు. అందు 'స్ప్రింటు' అనునది కురుచదూరపు పరుగు. దీనియందు కార్లు గుంపుగా బయలుదేరవు. జనసంచారము లేకుండ మూసిన బాటపై ఒక్కొక్క కారే నిలిచినచోటినుండి బయలుదేరి, గమ్యరేఖను దాటవలెను. బయలుదేరుచోటను గమ్యముచెంతను వెలుగుకిరణము లుండును. కారు మొదటి కిరణమును దాటగానే గడియారము నడువనారంభించును. రెండవదానిని దాటగానే నిలుచును. సెకనులో నూరవవంతు సైతము లెక్కకు వచ్చును. ఒక్కొక్కనికి పలుమార్లు అవకాశ మిత్తురు. అందు మిక్కిలి తక్కువ కాలము పట్టిన పరుగే యతని లెక్క. ఇంజను పరిమాణమును బట్టియు, కారులో చేసిన మార్పులను బట్టియు తరగతులు వేరుచేయుదురు. కావున సంసారపక్షపు చిన్నకారు గలవాడును తనవంటివానితోనే పోటీపడును. ఇంగ్లండులోని బ్రైటను పట్టణపు సముద్రతీరమున ఇట్టి వేగపరీక్షలు 1905లోనే జరిగినవి.

ఇది మీకు సుబోధ మగుటకు మన జిల్లా ఆడపడుచునే తలచుకొందము. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో కరణం మల్లీశ్వరి మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము తెచ్చినది. ఆమె యెత్తునపు డెదుట ప్రత్యర్థి యెవ్వరును లేరు. బరువును తానును మాత్రమే. ఒక్కొక్క పద్ధతికి మూడేసి అవకాశములు. స్ప్రింటును అట్టిదే. ప్రక్కవానిని త్రోసి ముందుకు పోవుట యిందు లేదు.

అయినచో కాలితో అదిమినంతమాత్రమున గెలుతురా యని యడుగుదురేమో. అట్లు కాదు. బయలుదేరునపుడు ఇంజను శక్తిని మితిమీరి విడిచినచో చక్రములు ఉన్నచోటనే గిఱ్ఱున తిరుగును. పొగయు చప్పుడును మిగులును. తక్కువగా విడిచినచో కారు మందగించును. ఆ రెండింటి నడుమ సన్నని హద్దు కలదు. దానిని క్లచ్చిపైనున్న కాలు తెలిసికొనవలెను. టైరులో గాలి యెంత యుండవలెను, గే రెప్పుడు మార్చవలెను, మలుపునకు ముం దెచట బ్రేకు వేయవలెను, ఇవన్నియు అభ్యాసముచే వచ్చునవి.

భారతమున నలోపాఖ్యానము మీ రెరుగనిది కాదు. బాహుకవేషమున నున్న నలుడు ఋతుపర్ణుని ఒక్క దినములో విదర్భకు చేర్పవలసి వచ్చినపుడు, చూపునకు బలిసిన గుర్రములను గాక లక్షణములు చక్కగా నున్న బక్కగుర్రములను ఏరుకొనెను. రాజు ఉత్తరీయము జారి, దానిని తెమ్మనునంతలో రథము యోజనము దాటిపోయెను. అంత వేగమున పోవుచును, తాండ్రచెట్టు ఆకులను లెక్కించుటకై నలుడు రథమును నిలిపెను. ఆ నిలుపుటను మనము మరచుచున్నాము. పరుగెత్తించుట సగము విద్య. నిలుపుట తక్కిన సగము.

ఈ క్రీడ మన దక్షిణదేశమున వేళ్లూనినది మద్రాసు నగరమున కుత్తరముననున్న షోలవరమున. మన ఇచ్ఛాపురము మీదుగా, శ్రీకాకుళము ప్రక్కగా పోవు రాజమార్గమే అచటికిని పోవును. రెండవ ప్రపంచయుద్ధపు విమానములకై వేసిన బాట యుద్ధానంతరము వట్టిదై యుండగా, 1950 తరువాతి దశకములలో దానిపై పందెములు జరిగినవి. తరువాత అవి ఇరుంగాట్టుకోటలో పందెములకై నిర్మించిన ట్రాకునకు మారినవి.

ఇందు తెలుగు మాటాడు కుటుంబములవారి పాత్ర చిన్నది కాదు. కోయంబత్తూరున స్థిరపడిన నాయుళ్ల యిండ్లలో యంత్రవిద్యపై మక్కువ తరతరములదిగ వచ్చినది. 1920లో ఒక్క బస్సుతో వ్యాపారము మొదలిడిన జి. డి. నాయుడుగారు ఆ యూరివారే. ఆ యూరనే కరివర్ధనుగారు 1980 దశకపు చివర చిన్న మారుతికారు ఇంజనును గ్రహించి, ఒక్కడు కూర్చుండు పందెపుకారును స్వల్పవ్యయముతో నిర్మించిరి. అంతకుముందు ధనవంతులకే సాధ్యమైన క్రీడ దానివలన ఔత్సాహికులకును కొంత అందుబాటులోనికి వచ్చినది. ఆయన 1995లో చిన్నవిమానపు ప్రమాదమున గతించిరి. కోయంబత్తూరుచెంత చెట్టిపాళెమున ట్రాకు ఆయన పేరనే యున్నది. ఆ యూరివాడే నారాయణ్ కార్తికేయను. తండ్రి ర్యాలీపందెముల విజేత. అయినను కుమారుడు తండ్రి పేరుతోనే సరిపెట్టుకొనక, 1992లో ఫ్రాన్సుదేశపు శిక్షణాలయమున చేరి నేర్చెను. 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొనిన తొలి భారతీయుడయ్యెను.

ఇక అపాయము మాట. దానిని దాచి చెప్పుట ధర్మము గాదు. 2023 జనవరి 8న ఇరుంగాట్టుకోటలో, కార్లు కలిసి పరుగెత్తు పందెమున, 59 ఏండ్ల అనుభవజ్ఞుడు కె. ఇ. కుమారుగారు మరొక కారు తగిలి, అదుపు తప్పి మరణించిరి. వైద్యులును రక్షకులును చెంతనుండియు ప్రాణము నిలువలేదు. స్ప్రింటులో ఒక్క కారే పోవుటచే ఇట్టి తాకిడి యుండదు. అయినను వేగమున్నచోట అపాయము బొత్తిగా లేదనుట అసత్యము.

నా పూర్వశిష్యు డొకడు, నాగావళీతీర గ్రామమువాడు, విశాఖపట్టణమున నుద్యోగము చేయుచు ఔత్సాహికుడుగా స్ప్రింటులలో పాల్గొనసాగెను. అతని తండ్రి నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మీ మాటయన్న మావానికి గురి. మానుమని మీరు చెప్పవలెను" అనెను. ఆయన భయమునకు కారణము కలదు. అంతకు రెండేండ్ల ముందు ఆయన తమ్ముని కుమారుడు రాజమార్గముపై స్నేహితులతో పందెము వేసి, నిలిచియున్న లారీని ఢీకొని మరణించెను. "చూడక చెప్పను" అంటిని. ఆ యేడు శిష్యునితో ఇరుంగాట్టుకోటకు పోయితిని.

అచట ఉదయముననే కార్లను తనిఖీ చేసిరి. బ్రేకులు, టైరులు, బెల్టులు, హెల్మెట్టులు, చమురు కారుచున్నదా యనునది, అన్నియు చూచిరి. లోపమున్నవారిని నిర్మొగమాటముగా వెనుకకు పంపిరి. పోటీదారులకు లైసెన్సు వేరుగా నుండవలెను. బాటప్రక్కల జెండాలు పట్టినవారు, అగ్నిమాపకులు, వైద్యుని బండి సిద్ధముగా నుండిరి. మావాని మొదటి పరుగున చక్రములు తిరిగిపోయినవి. రెండవమారు జంకెను. మూడవమారు మునుపటికంటె ఒక సెకను తక్కువలో ముగించెను. బహుమానము రాలేదు. అయినను ఆ ఒక్క సెకనునకై యతడు పొందిన యానందము, కఠినపద్యమునకు అన్వయము కుదిరిన విద్యార్థి ముఖమున నేను చూచినదే.

తిరిగివచ్చి తండ్రితో చూచినది చూచినట్లు చెప్పితిని. ఆయన అంతయు విని, "వచ్చునపుడు రోడ్డుమీద ఎట్లు తోలినాడు?" అని యడిగెను. అంతకంటె మంచి ప్రశ్న నాకు తోచలేదు. దారిపొడుగున కుర్రవాండ్రు హారను మ్రోగించుచు దాటిపోయిరి. మావాడు ప్రతివానికిని దారి యిచ్చెను. ఆ మాటయే చెప్పితిని. తండ్రి కొంతసేపు మిన్నకుండి, "అప్పు చేయరాదు. ఆ మాట యిచ్చినచో పోనిండు" అనెను. కుమారుడు మాట యిచ్చెను. నేటికిని నిలుపుకొనుచున్నాడు.

ట్రాకునకును రోడ్డునకును గల భేదమును లెక్కచేసి చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు, పొడిబాటపై బ్రేకు పడిన తరువాత సుమారు 20 మీటర్లలో నిలుచును. వేగము 120 అయినచో ఆ దూరము రెట్టింపు గాదు. నాలుగింతలై సుమారు 80 మీటర్లగును. మన కన్ను చూచి కాలు కదలుటకు పట్టు ఒక్క సెకనులోనే మరి 33 మీటర్లు గడచిపోవును. ట్రాకుపై ఆ దూరమున ఏమియు నుండదు. మన రోడ్డుపై ఆ దూరముననే గేదెలను తోలుకొని వచ్చు ముసలమ్మయు, దీపములేని ట్రాక్టరును, బడినుండి వచ్చు పసివాండ్రును ఉందురు. 1988నాటి మోటారు వాహనముల చట్టము, ప్రభుత్వము వ్రాతమూలకముగా అనుమతింపక బహిరంగస్థలమున వేగపుపందెము వేయుటను నేరముగా నెంచినది.

ఈ నీతి మన పెద్దలకు ఎన్నడో తెలియును. విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమాను కదలుటకు ముందు దానికి త్రోవ చేయుదురు. జనము ప్రక్కకు తొలగినగాని సిరిమాను సాగదు. దేవతోత్సవమునకే దారి సిద్ధపరచవలసియుండగా, కుర్రవాని సరదాకు సిద్ధపరచనక్కరలేదా?

కావున గ్రామపెద్దలకు నా విన్నప మిది. వేగముపై మోజుగల కుర్రవానిని దుష్టునిగ చూడవద్దు. వానిని చెంత కూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్న లడుగుడు. నీవు పరుగెత్తు బాట మూసియున్నదా? నీ కారును తెలిసినవాడు పరీక్షించెనా? నీవు పెట్టు ధనము నీదేనా? మూడింటికిని 'ఔను' అన్నచో ఆశీర్వదించి పంపుడు. ఒక్కదానికి 'కాదు' అన్నను తాళపుచెవి తీసి మీ మొలను దోపుకొనుడు. వాడు ఆ దినమున కోపించును. కాని బ్రతికియుండి కోపించును.