బ్రేకు ప్యాడుల ఆయువు

కారు గలవారు మెకానికును తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: “ఈ బ్రేకు ప్యాడులు ఎన్నివేల కిలోమీటర్లు వచ్చును?” ప్రశ్న సహజమైనదే. ఇంజను ఆయిలునకు ఒక గడువున్నట్లే దీనికిని ఉండవలెనని మనము కోరుదుము. జవాబు మాత్రము ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పుదురు. 30,000 అని యొకరు, 50,000 అని వేఱొకరు, 80,000 దాటినను మా బండికి మార్చలేదని మఱియొకరు. వింత యేమనగా, ఈ మువ్వురు చెప్పినదియు నిజమే కావచ్చును. అట్లయిన మనము ఏ లెక్కను నమ్మి పిల్లలతో బండి యెక్కవలెను? ఈ విషయమును కొంచెము విచారింతము.

మొదట బ్రేకు చేయు పని యెట్టిదో తెలిసికొనవలెను. పరుగెత్తు కారులో శక్తి యున్నది. కారును ఆపుట యనగా ఆ శక్తిని మాయము చేయుట కాదు. దానిని వేడిగా మార్చి గాలిలో విడిచిపెట్టుట. మనము పెడలును త్రొక్కగానే సన్నని గొట్టములలోని బ్రేకు ఆయిలు ఆ ఒత్తిడిని చక్రముల కడకు చేర్చును. అక్కడ చక్రముతోపాటు తిరుగు ఇనుప పళ్లెమును, అనగా డిస్కును, రెండు ప్రక్కల నుండియు రెండు ప్యాడులు పట్టుకొనును. రాపిడి వలన వేడి పుట్టును, బండి నిలుచును. ఇట్లు పట్టుకొన్న ప్రతిసారియు ప్యాడు తన ఒంటి నుండి పిసరంత పొడిని రాల్చును. చక్రముల మీద పేరుకొను నల్లని ధూళిలో చాల భాగము ఇదియే. డిస్కు ఖరీదైనది, ప్యాడు చవుకైనది. కావున డిస్కుకంటె ముందుగా ప్యాడే అరుగునట్లు తయారు చేయుదురు. అరుగుట ప్యాడు యొక్క లోపము కాదు. అది దాని ధర్మము.

ఈ ఉపాయమునకు నాంది పలికినది ఒక గృహిణి యనిన శ్రోతలకు ఆశ్చర్యము కలుగవచ్చును. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల మోటారు బండిలో ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నుండి పోర్జ్‌హైమ్ వఱకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. పల్లపు దారులలో బ్రేకు చెక్కలు అరిగిపోవుట గమనించి, త్రోవలో చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు తొడిగించెను. ఆ తోలుముక్కయే నేటి ప్యాడునకు పూర్వరూపము. డిస్కు బ్రేకునకు ఇంగ్లండులో లాంచెస్టర్ అను ఇంజనీరు 1902 లోనే పేటెంటు పొందినను, 1953 లో జాగ్వార్ కారు వానితో లె మాన్ పందెమును గెలిచిన పిమ్మటనే అందఱి దృష్టియు వానిపై పడినది.

ఇక అరుగుదల లెక్కకు వత్తము. మనుష్యులతో కలిపి 1,200 కిలోగ్రాముల బరువు గల కారు గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దానిని ఆపినప్పుడు కొంత వేడి పుట్టును. అదే కారును 60 కిలోమీటర్ల వేగము నుండి ఆపిన యెడల పుట్టు వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. వేగము మూడింతలైనచో వేడి తొమ్మిదింతలగును. కావున ప్యాడు యొక్క ఆయువును నిర్ణయించునది బండి నడచిన దూరము కాదు. ఎన్నిసార్లు ఆగినది, ఎంత వేగము నుండి ఆగినది అనునదే. హైదరాబాదు నుండి విజయవాడకు రాజమార్గమున పోవు కారు గంటకు పదిసార్లయినను బ్రేకు వేయకపోవచ్చును. అదే కారు కూకట్‌పల్లి నుండి కోఠి వఱకు ఆఫీసు వేళలో పోయినచో అడుగడుగునకును ఆగవలసినదే. రెండు కార్ల మీటర్లలోను 20,000 అను అంకెయే కనుపించును. ప్యాడులు మాత్రము ఒకటిగా ఉండవు.

కొండదారి సంగతి మఱింత విశేషమైనది. మన తెలుగువారిలో తిరుమల కొండను ఎక్కి దిగని వారరుదు. 1944 లో వేసిన మొదటి ఘాటు రోడ్డు మీదుగానే నేడు బండ్లు దిగుచున్నవి. 1974 లో వేసిన రెండవ రోడ్డు ఎక్కుటకు. పైనుండి క్రిందికి ఇంచుమించు 700 మీటర్ల దిగుడు. మనము చెప్పుకొన్న 1,200 కిలోగ్రాముల కారును కేవలము బ్రేకులతోనే పట్టి దింపినచో, గాలియు టైర్లును భరించు భాగమును మినహాయింపక లెక్కించిన యెడల, పుట్టు వేడి 60 కిలోమీటర్ల వేగము నుండి నలుబది, ఏబది పర్యాయములు ఆపినంత యగును. పాతిక లీటర్ల చన్నీటిని మరిగించుటకు ఆ వేడి చాలును. అంత వేడిని నాలుగు చక్రముల కడనున్న కొద్దిపాటి ఇనుము అరగంటలో భరించవలెను. మితిమీరి కాలిన ప్యాడు డిస్కును గట్టిగా పట్టలేదు. ఆయిలు మరిగి అందులో ఆవిరి బుడగలు పుట్టినచో పెడలు మెత్తగా లోనికి పోవును. బండి మాత్రము ఆగదు. అందుచేతనే అనుభవజ్ఞులైన డ్రైవర్లు ఏ గేరులో కొండ నెక్కుదురో ఆ గేరులోనే దిగవలెనని చెప్పుదురు. చిన్న గేరులో ఇంజనే బండిని వెనుకకు పట్టి యుంచును. బ్రేకునకు విశ్రాంతి దొరకును. మలుపునకు ముందు గట్టిగా త్రొక్కి విడువవలెనే గాని, పెడలు మీద కాలు పెట్టుకొనియే దిగరాదు.

మఱి ప్యాడును ఎప్పుడు మార్చవలెను? మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట యిది: కిలోమీటర్లను అడుగకుడు, మిల్లీమీటర్లను అడుగుడు. సాధారణమైన కారులో క్రొత్త ప్యాడు యొక్క రాపిడి పదార్థము ఇంచుమించు 10 మిల్లీమీటర్ల మందముండును. అది 3 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు మార్చుట మేలు. 2 మిల్లీమీటర్లకు దిగిన పిమ్మట ఒక్క ప్రయాణమైనను చేయరాదు. 20,000 కిలోమీటర్ల సర్వీసునాడు కొలువగా 7 మిల్లీమీటర్లు మిగిలినవనుకొందము. అనగా 3 మిల్లీమీటర్లు అరిగినవి. 3 వఱకు రావలెననిన ఇంకను 4 మిల్లీమీటర్లు గలవు. ఇదే తీరున నడిపినచో అవి మఱి 26,000 కిలోమీటర్లు వచ్చును. ఈ లెక్క మన కారునకు, మన దారికి, మన కాలికి సంబంధించినది. ప్రక్కింటివారి కారునకు పనికిరాదు.

కొలుచునప్పుడు రెండు సంగతులు మఱువరాదు. బ్రేకు వేయగానే బండి బరువు ముందునకు మ్రొగ్గును. కావున ముందు ప్యాడులే ఎక్కువ పని చేసి త్వరగా అరుగును. చాల చిన్నకార్లకు వెనుక చక్రములకు డ్రమ్ములును, వానిలో బ్రేకు షూలును ఉండును. అవి ఎక్కువకాలము మన్నును. రెండవది, బయటికి కనుపించు ప్యాడు బాగున్నంత మాత్రమున లోపలి ప్యాడు బాగున్నట్లు కాదు. పట్టు కదలు పిన్నులు తుప్పు పట్టి బిగిసినప్పుడు ఒకటి మందముగా నుండగా రెండవది రేకువలె నగును. రెండింటిని చూడవలెను.

ప్యాడు తన స్థితిని తానే కొన్ని గుర్తులచేత తెలుపును. చాల ప్యాడులకు చిన్న ఇనుప నాలుక అమర్చియుందురు. పదార్థము తఱిగినప్పుడు అది డిస్కునకు తగిలి కీచుమని మ్రోగును. అది పిలుపు. దానిని లెక్కచేయక నడిపినచో కొన్నాళ్లకు కీచుదనము పోయి గరగర వినవచ్చును. అప్పుడు ప్యాడు వెనుకటి ఇనుపరేకు డిస్కును కోయుచున్నదని గ్రహింపవలెను. వందలతోనో కొద్దివేలతోనో పోవలసినది డిస్కుతో కలిసి ఎన్నో రెట్లగును. మఱియొక గుర్తు బ్రేకు ఆయిలు. ప్యాడు పలుచనైన కొలది డబ్బాలోని ఆయిలు మట్టము కొంత తగ్గును. కారణము చూడక ఆయిలు పోసి నింపుట గుర్తును చెఱిపివేయుటయే. ఎక్కడనో కారుచుండుట చేతనైనను మట్టము తగ్గవచ్చును గనుక అదియును చూపించుకొనవలెను. బండి ఒక ప్రక్కకు లాగుట, పెడలు అదరుట, మునుపటికంటె లోతునకు పోవుట, ఇవియును ఉపేక్షింపదగినవి కావు.

మార్చునప్పుడు ఒకే ఇరుసునందలి రెండు చక్రములకును ఒకేసారి మార్చవలెను; లేనిచో బ్రేకు ఒక ప్రక్కనే ఎక్కువ పట్టును. క్రొత్త ప్యాడులు డిస్కుతో కుదురుకొను వఱకు, తొలి రెండుమూడు వందల కిలోమీటర్లు మెల్లగా బ్రేకు వేయుట మంచిది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. క్రొత్తదైన డాట్ 4 రకపు ఆయిలు 230 డిగ్రీల సెంటీగ్రేడు వఱకైనను మరుగదు. తేమ చేరినచో ఆ హద్దు 155 డిగ్రీల వఱకు దిగవచ్చును. అందుచేత రెండేండ్ల కొకసారి దానిని మార్చుట వాడుక. మఱియొక హెచ్చరిక: పూర్వము ప్యాడులలోను షూలలోను ఆస్‌బెస్టాస్ విరివిగా వాడెడివారు. దాని పొడి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలి అనేక దేశములు నిషేధించినవి. పాత బండిలో ఏ సరకున్నదో తెలియదు గనుక షెడ్డులో ఆ ధూళిని గాలితో ఊదరాదు, తడిపి తుడువవలెను.

విద్యుత్తుతో నడచు కార్లలో వేగము తగ్గించు పనిని చాలవఱకు మోటారే చేసి, ఆ శక్తిని తిరిగి బ్యాటరీకి చేర్చును. అట్టి కార్లలో ప్యాడులు ఎంతోకాలము మన్నును. ఐనను వాడుక తక్కువైన డిస్కు తుప్పు పట్టును. కావున వానిని కూడ ఏటేట చూడవలసినదే.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, కొండదారిలో పెడలు మెత్తబడిన తరువాత ప్యాడును తలచుకొని ప్రయోజనము లేదు. ఈ మాఱు సర్వీసునకు పోయినప్పుడు “ప్యాడులు బాగున్నవా?” అని అడుగక, “ముందువి ఎన్ని మిల్లీమీటర్లు, వెనుకవి ఎన్ని?” అని అడుగుడు. ఆ అంకెను, మీటరులోని కిలోమీటర్లను బండి పుస్తకమున వ్రాసికొనుడు. రెండుసార్లు వ్రాసిన పిమ్మట మీ ప్యాడు ఎన్నినాళ్లు వచ్చునో చెప్పుటకు మఱియొకరు అక్కఱలేదు.