గర్భిణుల కిడ్నీలు: ఉప్పు, నీళ్లు, మాత్రల గురించి తెలుసుకోండి



మదనపల్లె టమాటా తోటల్లో పనికి పోయేవాళ్లయినా, పుంగనూరులో పాడి చూసుకునేవాళ్లయినా, కుప్పంలో ఇంటి పట్టున ఉండేవాళ్లయినా, కడుపుతో ఉన్నప్పుడు అడిగే మాట ఒకటుంది. "కాళ్లు వాచాయి, ఉప్పు మానేయమంటున్నారు. మానేయాలా?" దీనికి జవాబు మన కిడ్నీల్లోనే ఉంది.

కిడ్నీలు రక్తాన్ని వడకట్టి, చెత్తను మూత్రంలోకి పంపుతాయి. ఒంటికి కావాల్సిన లవణాలను మళ్లీ రక్తంలోకి తీసుకుంటాయి. గర్భం వచ్చిన మొదటి మూడు, నాలుగు నెలల్లోనే ఈ వడకట్టే పని దాదాపు 50 శాతం పెరుగుతుంది. మరి ఉప్పంతా బయటికి పోవాలి కదా? పోదు. హార్మోన్ల సాయంతో కిడ్నీలు సోడియంను, పొటాషియంను పట్టి నిలుపుకుంటాయి. కాన్పు నాటికి సుమారు 50 గ్రాముల ఉప్పులో ఉన్నంత సోడియం, 6 నుంచి 8 లీటర్ల నీరు అదనంగా చేరతాయి. బిడ్డకు, ఉమ్మనీటికి, మాయకు, పెరిగే మీ రక్తానికి అవి కావాలి.

అందుకే సాయంత్రానికి పాదాలు కొంచెం వాచడం మామూలే. దానికని ఉప్పు పూర్తిగా మానొద్దు. అలాగని ఊరగాయలు, అప్పడాలు ఎక్కువ తినొద్దు. మాటిమాటికీ ఒంటికి పోవాల్సి వస్తోందని నీళ్లు తగ్గించొద్దు. ఎండలో పని చేసేవాళ్లు ఇంకా ఎక్కువ తాగాలి. ఇంట్లో ఇంకొకరికి రాసిచ్చిన "నీరు తీసే మాత్ర" మీరు వేసుకోనే వద్దు. ముందే బీపీ, గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినట్టే చేయాలి.

రక్తపరీక్ష రిపోర్టు గురించి ఒక మాట. గర్భిణికి సోడియం 4, 5 పాయింట్లు తగ్గడం సహజం. క్రియాటినిన్ కూడా 0.5 దగ్గరికి దిగుతుంది. కాబట్టి రిపోర్టులో 1.0 వచ్చి, పక్కన "నార్మల్" అని ఉన్నా, గర్భిణికి అది ఎక్కువే కావచ్చు. రిపోర్టు తప్పకుండా డాక్టరుకు చూపించండి.

గర్భంలో మూత్రం ద్వారా కాల్షియం ఎక్కువగా పోతుంది. పేగులు కూడా ఎక్కువ పీల్చుకుని సర్దుతాయి, కానీ తిండిలో ఉంటేనే కదా! మన రాగిసంగటి, పాలు మంచివి. నాలుగో నెల నుంచి ఉచితంగా ఇచ్చే కాల్షియం మాత్రలు రోజుకు రెండు, అన్నం తిన్నాక వేసుకోండి. ఐరన్ మాత్ర రోజుకొకటి, కాల్షియంతో కలపకుండా కనీసం రెండు గంటల తేడాతో వేసుకోండి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగొద్దు: ముఖం, చేతులు ఒక్కసారిగా వాచడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, మూత్రం బాగా తగ్గిపోవడం, ఫిట్స్. బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉన్నా, మూత్రంలో ప్రోటీన్ పోతున్నా అది మామూలు వాపు కాదు. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టరు ఉచితంగా చూస్తారు. బీపీ, మూత్ర పరీక్షలూ అక్కడే చేస్తారు. తల్లీబిడ్డల కార్డు తీసుకుని రండి. దారి తెలియకపోతే మీ ఆశా అక్కను అడగండి. పని ఉందని ఒక్క నెల కూడా తప్పించొద్దు.