కండ్లార చూచితి నను మాట



మా యర్రగొండపాలెపు ప్రాంతమున తగవు వచ్చి పెద్దలు రచ్చబండ మీద కూర్చుండినప్పుడు, ఎవడైనను ముందునకు వచ్చి ‘నేను కండ్లార చూచితిని’ అనెనా, ఇక నా పైని మాట లేదు. కంటికిని చెవికిని బెత్తెడు దూరమని సామెత. విన్నవాని మాటను తోసివేయుదుము. చూచినవాని మాటను తలదాల్చుదుము. ఆ మాటకు విలువ ఉండవలసినదే. అయితే కన్ను చూచునది ఎంత, మనసు కల్పించి చేర్చునది ఎంత అను సంగతిని నేడు కొంచెము విచారింతము. ఇది వినోదము కొఱకు మాత్రమే చెప్పుట కాదు. దీనివలన ఒకని పరువు పోవుటయు, నిలుచుటయు కలదు.

మొదట ఒక పరీక్ష. మార్కాపురపు పలక ఒకటి తీసికొనుడు. దాని మీద బలపముతో ఎడమవైపున ఒక గుణకారపు గుర్తును, దానికి నాలుగు అంగుళముల దూరమున కుడివైపున కందిగింజంత చుక్కను పెట్టుడు. ఎడమకన్ను మూసికొని, కుడికంటితో గుణకారపు గుర్తునే చూచుచు, పలకను చేతి చాపు దూరమునుండి మెల్లగా ముఖమునకు దగ్గఱగా తెండు. రమారమి పదునైదు అంగుళముల దూరమునకు వచ్చునప్పటికి ఆ చుక్క మాయమగును. ఇంకను దగ్గఱకు తెచ్చినచో మరల కనబడును.

కంటి లోపల, వెనుకవైపున, వెలుతురును గ్రహించు పొర ఒకటి యున్నది. ఆ పొరనుండి దృక్‌నాడి మెదడునకు బయలుదేఱుచోట వెలుతురును గ్రహించు కణములు లేవు. అచ్చట పడినది మనకు కనబడదు. ఈ సంగతిని పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు మారియట్ కనుగొనెను. ఇంతకంటె వింత మఱియొకటి కలదు. చుక్క మాయమైన చోట మనకు రంధ్రము కనబడుట లేదు. పలక నలుపే కనబడుచున్నది. ఆ నలుపును చూచినది కన్ను కాదు. చుట్టును నలుపు గలదు గనుక ఇచ్చటను నలుపే యుండునని మెదడు పూరించినది. పూరించితినని మనతో చెప్పనైన చెప్పలేదు!

కన్ను పంపునది వెలుతురు జాడలను మాత్రమే. కంటి వెనుకపొర మీద బొమ్మ తలక్రిందులుగా పడునని కెప్లరు అను జ్యోతిష్కుడు 1604 లోనే వివరించెను. అయినను మనకు లోకము తిన్నగా కనబడుచున్నది గదా. ఆ జాడలను పట్టి, మునుపటి అనుభవమును జోడించి, ‘ఇది చెట్టు, ఇది మనిషి’ యని తీర్పు చెప్పునది మెదడు. చాలవఱకు ఆ తీర్పు సరియైనదే. లేనిచో మనము బండి తోలలేము, బావిగట్టున నడవలేము.

అనుభవమును బట్టి చూపు మాఱునని చెప్పుటకు పలక మీదనే మఱియొక నిదర్శనము. సమానమైన రెండు అడ్డగీతలను గీయుడు. ఒకదాని రెండు కొనలకు బాణపు మొనలు పెట్టుడు. రెండవదాని కొనలకు పంగలకఱ్ఱ వలె బయటికి చీలిన గీతలు పెట్టుడు. పంగల గీత పొడవుగా తోచును. పుల్లతో కొలిచి సమానమే యని తెలిసికొన్న పిమ్మటను అట్లే తోచును. జర్మనుడైన ముల్లర్ లయ్యరు దీనిని 1889 లో ప్రకటించెను. తరువాత రివర్సు అను ఇంగ్లీషు పండితుడు 1901-02 ప్రాంతమున నీలగిరులకు పోయి తోడవారికి ఇట్టి గీతలను చూపగా, వారు ఇంగ్లీషువారికంటె తక్కువగా మోసపోయిరి. కండ్లు అందఱివియు ఒక తీరువే. పెరిగిన లోకములు వేఱు. మన నల్లమలలో చెంచు సోదరుడు ఆకుల నీడలో మెకమును గుర్తించునప్పుడు, ప్రక్కనే నిలిచిన మనకు ఆకులే కనబడుట ఇట్టిదే.

పున్నమినాటి చందమామ మాట అందఱికిని తెలిసినదే. ప్రొద్దుగ్రుంకిన వేళ తూర్పు పొలముల మీద లేచునప్పుడు జల్లెడంత. నడిరేయి నెత్తి మీదికి వచ్చునప్పటికి చిన్న గిన్నెయంత. చేయి చాచి వ్రేళ్ల నడుమ ఒక శనగగింజను పట్టి, ఒంటికంటితో చూచుచు చంద్రునికి అడ్డుపెట్టుడు. లేచునప్పుడును నడిరేయియు ఆ గింజయే చంద్రుని కప్పివేయును. ఫొటో తీసినను పరిమాణములో పెంపు కనబడదు. చెట్లు, ఇండ్లు, దూరపు పొలములు నడుమ నుండుటచేత మెదడు చంద్రుని దూరస్థునిగా నెంచి, పెద్దవానిగా చూపునని పలువురు చెప్పుదురు. దీని కారణమును గూర్చి పండితులలో నేటికిని పూర్తి ఏకాభిప్రాయము కుదురలేదు.

ఎండమావి దీనికి భిన్నము. రోహిణీకార్తెలో మార్కాపురపు దారిని దూరమున నీరు నిలిచినట్లుండును. అది ఫొటోలోను పడును. కాగిన నేలను ఆనుకొన్న వేడిగాలిలో వెలుతురు వంగి, ఆకాశపు కాంతి నేలనుండి వచ్చినట్లు కంటిని చేరుచున్నది. వెలుతురు నిజమే, దానిని నీరనుకొనుటయే మన పొరపాటు. త్రాటిని చూచి పామని భ్రమించుటను మన వేదాంతులు ఎంత కాలముగానో దృష్టాంతముగా చెప్పుచున్నారు. ఆ మసక వెలుతురులో పామును తెచ్చి పెట్టినది మనలోని భయమే గదా.

ఇక నా కథ యొకటి చెప్పి ముగింతును. నాకు అప్పుడు పండ్రెండేండ్లు. మా మిరపకళ్లములో రెండు మూడుమార్లు కాయలు పోయినవి. ప్రక్క చేనివాని మీద ఇంటిలో అనుమానపు మాటలు నడుచుచుండెను. ఒకనాడు మసకచీకటిలో ఒక మనిషి గొంగడి కప్పుకొని, నెత్తిన బస్తాతో కందిచేని గట్టున పోవుట చూచితిని. మఱునాడు పెద్దలు అడుగగా ప్రక్క చేనివాని పేరు చెప్పితిని. ముఖము చూచితివా యనిరి. చూచితినంటిని. అబద్ధమాడలేదు, నాకు ఆ ముఖమే కనబడినది. అతనిని నలుగురిలో నిలువబెట్టి నానా మాటలు అనిరి. మూడవనాడు మా చిన్నాయన సంతనుండి తిరిగివచ్చి, ఆ సాయంకాలము బస్తాను బండి కడకు మోసికొనిపోయినది తానేయని చెప్పెను.

మా నాయన నన్ను వెంటబెట్టుకొని వారి యింటికి పోయెను. ఆయన నా తల నిమిరి, ‘అబ్బాయీ, నీవు అబద్ధమాడలేదులే. అయినను మూడునాళ్లు నేను దొంగనైతిని’ అనెను. పిమ్మట ఆయన మా కళ్లము దారిని నడువలేదు.

కావున పెద్దలకు నా మనవి యిది. సాక్షిని ‘నిజమేనా?’ యని మాత్రము అడిగి విడువకుడు. అప్పుడు వెలుతురు ఎంత? ఎంత దూరము? ఎంతసేపు చూచెను? చూడకమునుపు అతని చెవిలో ఎవరి పేరు పడియుండెను? ఈ నాలుగును అడుగుడు. నన్ను ఆనాడు ఎవరును ఇట్లు అడుగలేదు. అడిగియుండినచో, గొంగడి చూచితిని, బస్తా చూచితిని, ముఖము చూడలేదని నాకే తెలిసియుండును. మంచివాడు సైతము లేనిదానిని చూడగలడని తెలిసి తీర్పు చెప్పిననాడు, ‘కండ్లార చూచితిని’ అను మాటకు మనమిచ్చు గౌరవము తగ్గదు. నిరపరాధి ఒకడు తన యింటికి తలయెత్తుకొని పోవును.